తెర ముందు సత్యభామ, తెర వెనుక మేనత్త

పోయిన ఉగాదికి మన సంఘం పిల్లల కార్యక్రమాల జాబితా వ్రాసే పని, ఏటేటా వలెనే, మా మీద పడింది. ఇరవై యేండ్లకు పైగా కచేరీలో గుమాస్తాగా కాగితాలతో కాపురం చేస్తున్నవాళ్లం. దస్తూరి కుదురుగా ఉంటుందని పెద్దలకు మా మీద ఆ పాటి నమ్మకం. ఎవరు పాడతారు, ఎవరు ఆడతారు, ఎవరి తరువాత ఎవరు అని వరుసగా వ్రాస్తూ పోతున్నాము.

పదో తరగతి చదివే ఒక కుర్రవాడు, కూచిపూడి నేర్చుకుంటున్నవాడు, భామాకలాపంలో సత్యభామ ప్రవేశం తాను చేస్తానని పేరు ఇచ్చాడు. జాబితా చూసిన పెద్దమనిషి ఒకరు కళ్లజోడు సవరించుకుని, "మగపిల్లవాడికి జడ యేమిటండీ? నలుగురూ నవ్వుతారు. మరాఠీ వాళ్లు కూడా వస్తారాయె. మరేదైనా ఆడమనండి" అన్నారు. మేము మారుమాట లేకుండా సత్యభామ మీద గీత గీసి, దశావతార శబ్దం అని వ్రాశాము. కుర్రవాడు ఆ శబ్దమే ఆడాడు. బాగానే ఆడాడు కూడాను. కాని ఆట ముగిసిన తరువాత ఫలహారాల దగ్గర ఆగకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

అదే సభలో అదే పెద్దమనిషి ఉపన్యసిస్తూ, స్థానం నరసింహారావుగారి సత్యభామను తలచుకుని కంట తడి పెట్టారు. ఆయన చీర కట్టి నడచివస్తే ఆడవారు కూడా అసూయపడేవారట! మేము చప్పట్లు కొట్టాము. కొట్టిన తరువాత ఎందుకో చేతులు చల్లబడ్డాయి.

ఆ రాత్రి ఇంట్లో ఈ సంగతి చెబితే, ఎనభై దాటిన మా మేనత్త తమలపాకు ఈనె తీస్తూ, "మా అన్న వేసిన నాడు లేని సిగ్గు ఈ పిల్లగానికి యాడినుంచి తెచ్చి పెట్టిన్రురా?" అన్నది. మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెదుక్కుంటూ పోయి చదివిన ఒక గ్రంథాన్ని గురించి చదువరులతో నాలుగు మాటలు ముచ్చటించాలని ఈ వ్యాసం.

ఒక ప్రొఫెసరమ్మ, ఒక ఊరు

ఆ గ్రంథం వ్రాసినవారు హర్షిత మృత్యింటి కామత్ గారు. అమెరికాలో అట్లాంటా నగరంలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్ర బోధించే ఆచార్యులు. ఆమె పదవికి కొప్పాక విశ్వేశ్వరరావు, సీత దంపతుల పేరు పెట్టారు. అంత దూరదేశంలో తెలుగు కోసం ఒక ఆచార్య పీఠం ఉన్నదంటే, ఊరికి దూరంగా బ్రతుకుతున్న మనబోటివారికి సంతోషమే కదా. ఈమె స్వయంగా కూచిపూడి నృత్యం అభ్యసించినవారు. వెల్చేరు నారాయణరావుగారితో కలసి నంది తిమ్మన పారిజాతాపహరణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. అది 2022లో అచ్చయింది. అలిగిన సత్యభామ కథ అక్కడా ఉన్నది, ఇక్కడా ఉన్నది.

మేము చెబుతున్న గ్రంథం పేరు "ఇంపర్సొనేషన్స్". 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ముద్రణాలయంవారు ప్రకటించారు. అంతర్జాలంలో పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు. మెట్రిక్ చదువుతో ఆగినవాళ్లం కనుక, నిఘంటువు ప్రక్కన పెట్టుకుని, రాత్రిపూట పది పుటల చొప్పున మేము చదివాము. పండితుల భాష కొంత అడ్డుపడినా, చెప్పిన సంగతి మాత్రం మన ఇళ్లల్లోని సంగతే.

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో కూచిపూడి అనే ఊరు ఉన్నది. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల మొదలైన ఇంటిపేర్లు గల బ్రాహ్మణ కుటుంబాలు అక్కడ తరతరాలుగా నాట్యాన్నే వృత్తిగా పెట్టుకుని బ్రతికాయి. సిద్ధేంద్రయోగి భామాకలాపం కూర్చి, ఆ కుటుంబాలలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని వారి ఐతిహ్యం. ఆ మాట ప్రకారం మగవారే గజ్జె కట్టారు, మగవారే జడ వేశారు. వారిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా దేశమంతటా పేరు పొందారు. 1970లో పద్మశ్రీ బిరుదం వచ్చింది. 2012లో స్వర్గస్థులైనారు.

ఇంతవరకు మనకు కొద్దో గొప్పో తెలిసిన కథే. హర్షితగారు ఆ ఊరి నటులతోను, వారి ఇళ్లలోని ఆడవారితోను మాట్లాడి మనం అడగని ఒక ప్రశ్న అడిగారు. మగవాడు ఆడవేషం వేస్తే అతని మగతనానికి ఏమవుతుంది?

తగ్గుతుందని మన పెద్దమనిషి భయం. ఆ ఊళ్లో తగ్గలేదని, పైగా పెరిగిందని హర్షితగారి సిద్ధాంతం. సత్యభామ వేషం చక్కగా కట్టగలిగినవాడు ఊరికి పెద్ద. గౌరవం, బిరుదులు, సన్మానాలు అతనివే. వేషం విప్పి పంచె కట్టుకుని వీధిలోకి వస్తే దండాలు పెట్టేవారు. అంటే ఆ చీర అతని కులాన్ని గాని, మగతనాన్ని గాని దాచలేదు. వాటికి కిరీటమై కూర్చుంది. వేషం అన్న మాట తెలుగువాళ్లకు బాగా తెలిసిన మాట. మగతనం కూడా ఒక వేషం లాగానే కట్టుకుని నిలబెట్టుకోవలసిన వస్తువని ఆమె అంటారు. గ్రంథం పేరులో మగతనమనే మాట ప్రక్కన కల్పన అనే అర్థం గల మాట పెట్టడానికి కారణం అదే.

మాధవి ఆడిన ఆట

భామాకలాపం చూసినవారికి ఒక పాత్ర గుర్తు ఉండే ఉంటుంది. సత్యభామ దగ్గరకు వచ్చినప్పుడు ఆ పాత్ర మాధవి, చెలికత్తె. కృష్ణుని దగ్గరకు పోయినప్పుడు అదే మనిషి మాధవుడు, చెలికాడు. బట్ట మార్చనక్కర లేదు. నోటిమాటతోనే ఆడది మగవాడవుతుంది, మగవాడు ఆడదవుతుంది. సత్యభామ తెర మీదుగా జడ వేసి నావంటి అందగత్తె ఎవరని సవాలు చేస్తే, ఈ మాధవి ఎగతాళి చేస్తుంది. నీ మగని పేరేమిటని అడిగి సిగ్గుపడేటట్లు చేస్తుంది. ఉత్తరం మోసుకుపోవాలంటే ముక్కెర ఇమ్మంటుంది.

ఈ మాధవే ఆటలోని విదూషకుడని హర్షితగారు చూపించారు. ఒక మనిషి చీర కట్టి, జడ అల్లి, గంటల తరబడి ముస్తాబై ఆడది అవుతున్నాడు. ప్రక్కనే ఇంకొక మనిషి ఏ ముస్తాబూ లేకుండా మాట మాత్రంతో అవుతున్నాడు. ఇదంతా కట్టినదే సుమా అని ఆట లోపలి నుంచే మాధవి చెబుతున్నదన్నమాట. మన మరాఠీ సోదరుల తమాషాలో గవళణ ఘట్టం చూసినవారికి మావశీ పాత్ర గుర్తు రాక మానదు. మగవాడు చీర కొంగు తలమీద వేసుకుని గొల్లభామలకు పెద్దదిక్కుగా వచ్చి కృష్ణుణ్ణి నిలవేస్తాడు. జనం నవ్వుతారు. అక్కడ ఎవరూ అతని మగతనం లెక్క అడగరు.

ఊరు దాటిన తరువాత

అయితే ఆ గౌరవం ఎల్లకాలం నిలవలేదు. 1958లో ఢిల్లీలో అఖిల భారత నృత్య సదస్సు, 1959లో హైదరాబాదులో కూచిపూడి సదస్సు జరిగినవి. ఊరి ఆట దేశానికి తెలిసింది. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, ఆడపిల్లలకు విరివిగా నేర్పారు. సత్యభామ వేషం ఆడపిల్లలకు వచ్చింది. కృష్ణుడి వేషం కూడా వారే వేశారు. ఇవాళ అమెరికాలోనైనా, హైదరాబాదులోనైనా కూచిపూడి అంటే ముందుగా కనబడేది ఆడపిల్లే.

ఆడపిల్లలే సత్యభామలైన తరువాత చీర కట్టిన మగవాడు జనానికి వింతగా కనబడసాగాడు. ఊళ్లో దండం పెట్టించిన వేషమే పట్నంలో ముసిముసి నవ్వులు తెచ్చింది. మనిషి అతడే, చీర అదే, జడ అదే. చూసే కళ్లు మారాయి. మన ఉగాది సభలో కుర్రవాడి పేరు మీద పడిన గీతకు మూలం ఇక్కడ ఉన్నది. స్థానంవారిని మెచ్చడం పాత కన్ను, కుర్రవాణ్ణి వద్దనడం కొత్త కన్ను. రెండూ ఒకే కళ్లజోడులో ఇమిడి ఉన్నవి.

ఇది మరాఠీ నాటకశాలకు కూడా జరిగినదే. నారాయణ శ్రీపాద రాజహంస అంటే గుర్తు పట్టనివారు కూడా బాలగంధర్వ అంటే గుర్తు పడతారు. 1888లో పుట్టి 1967లో పోయారు. 1913లో గంధర్వ నాటక మండలి పెట్టారు. 1916లో వచ్చిన స్వయంవర్ నాటకంలో రుక్మిణి వేషం వేశారు. ఆయన చీర కట్టు, నగల తీరు చూసి మహారాష్ట్ర గృహిణులు తామూ అలాగే అలంకరించుకునేవారట. మన స్థానంవారు ఆయనకంటె పధ్నాలుగేండ్లు చిన్న. 1902లో బాపట్లలో పుట్టారు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, చింతామణిలో చింతామణి, రోషనారా ఆయన పేరు మోసిన వేషాలు. 1956లో పద్మశ్రీ వచ్చింది. మరాఠీవారికి రుక్మిణి, మనకు సత్యభామ. కృష్ణుని ఇద్దరు భార్యలూ మగవారి ఒంటిమీదనే వెలిగారు.

1933లో ఆంధళ్యాంచీ శాళా అనే నాటకంలో ఆడవేషాలు ఆడవారే వేశారు. మరాఠీ నాటకశాల అక్కడినుంచి దారి మార్చింది. ఈ కథనంతా పుణ్యనగరపు మీరా కోసంబిగారు 2015లో వెలువడిన ఒక గ్రంథంలో వివరించారు. మన భాషకు హర్షితగారు చేసిన పనికి అది ప్రక్కింటి తోడు వంటిది.

ఆడవారు రాలేదా, రానివ్వలేదా?

ఆ రోజుల్లో ఆడవారు రంగస్థలం ఎక్కేవారు కాదు కనుక మగవారు ఆ వేషాలు వేశారని మనందరం చెప్పుకునే మాట. చిన్నప్పటినుంచి మేమూ అదే విన్నాము, పిల్లలకు అదే చెప్పాము. గ్రంథం మూసి ఆలోచిస్తే, ఈ మాట నిలవదని తోచింది.

కోస్తా జిల్లాలలో కలావంతుల స్త్రీలు ఆడినవారు, పాడినవారు. భామాకలాపం వారూ ఆడారు. దావేశ్ సోనేజీగారు 2012లో ప్రచురించిన గ్రంథంలో వారి చరిత్ర ఉన్నది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం చేసింది. పిల్లలను గుడికి అంకితం చేసే దురాచారం పోవలసిందే. కాని ఆ దురాచారంతోపాటు ఆ స్త్రీల చేతిలోని విద్యకు కూడా తలుపు పడింది. వారు తప్పుకున్న రంగం మీద, గౌరవనీయమైన ఆట అని కూచిపూడికి పెద్దపీట వేశారు. ఆడవారు రాకపోవడం కాదు, వచ్చినవారిని ఆడవారిగా లెక్కించకపోవడం జరిగింది.

సురభివారి సంగతి చూడండి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించి సమాజం స్థాపించారు. వారి పూర్వులు మరాఠీ గడ్డ నుంచి వెళ్లి తోలుబొమ్మలాట ఆడుకుంటూ తెలుగునాట స్థిరపడినవారు. మనం తెలుగు గడ్డ నుంచి ఇక్కడికి వచ్చినట్లే వారు ఇక్కడినుంచి అక్కడికి పోయారు. కుటుంబం కుటుంబమంతా నాటకమే కనుక, తల్లి, కూతురు, కోడలు అందరూ వేషాలు కట్టారు. ఆడవేషాలు ఆడవారే వేశారు. ఆకాశం కూలలేదు. సంసారాలు చెడలేదు.

మన నాందేడు జిల్లాలోనే మాళెగావ్ ఖండోబా జాత్రకు పోతే లావణీ ఆడే స్త్రీలను వేలమంది మగవారు చూసి ఈలలు వేస్తారు. మన ఆడపిల్లలు అటు వెళ్లకూడదని ఇంట్లో చెబుతాము. పరుల ఇంటి ఆడది ఆడితే చూడటానికి కళ్లున్నవి, మన ఇంటి ఆడది ఆడితే ఒప్పుకోవడానికి మనసు లేదు. మధ్యలో ఆ ఖాళీ పూరించడానికి మగవాడు చీర కట్టాడు. అలా కట్టినవాని కళను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఆ చీర ఎవరిదో మరచిపోరాదని మాత్రమే మా మనవి.

గ్రంథం చివరి ప్రకరణం ఆ ఊరి ఆడవారిని గురించి. తండ్రి నటుడు, అన్న నటుడు, మగడు నటుడు, కొడుకు నటుడు. పుట్టినది మొదలు తాళం, జతి, దరువు చెవిన పడుతూనే ఉన్నవి. అయినా గజ్జె కట్టే హక్కు మాత్రం వారికి లేకపోయింది. ఆ ఆటకు ప్రపంచమంతటినుంచి ఆడపిల్లలు వచ్చి చేరిన తరువాత కూడా, ఆ ఇళ్లలోని ఆడవారిలో చాలమంది చూస్తూనే ఉండిపోయారు. ఆ ప్రకరణం పేరులోనే ఆడాలన్న తహతహ అనే మాట ఉన్నది. ఆ ప్రకరణం చదివిన రాత్రి మేము దీపం ఆర్పి చాలసేపు కూర్చున్నాము. తరువాత రోజు ఆదివారం. మేనత్త దగ్గర కూర్చుని, ఇన్నేండ్లలో ఎన్నడూ అడగనిది అడిగాము.

మేనత్త చెప్పినది

ధర్మాబాదులో మా పెదనాన్నలు, వారి స్నేహితులు కలసి శ్రీకృష్ణ తులాభారం వేశారట. నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి మారిన 1956 తరువాత రెండు మూడేండ్లకు. భాష మారిపోతుందేమోనని ఇంటింటా బెంగగా ఉన్న రోజులు. తెలుగు నాటకం ఒకటి నిలబెట్టాలని పిల్లలు పట్టు పట్టారు. రెండు నెలలు మా ఇంటి పడసాలలో సాధన. పెద్ద పెదనాన్నది సత్యభామ వేషం.

అప్పటికి మేనత్తకు పదహారేండ్లు. వంటింట్లో రొట్టెలు కాలుస్తూ పద్యాలన్నీ విన్నది. రెండు నెలలు తిరిగేసరికి నాటకమంతా నోటికి వచ్చింది. సత్యభామ కట్టిన పట్టుచీర ఆమెది. పెట్టిన వంకీ ఆమెది. కుచ్చెళ్లు పోసి కట్టినది ఆమె. నాటకం రోజున పెదనాన్న మూడోచోట పద్యం మరచిపోతే, తెర వెనుక నిలబడి అందించినది ఆమె. జనం ఈలలు వేసి ఆ పద్యం మళ్లీ పాడించుకున్నారట.

"మరి నువ్వు వెయ్యాలని అనుకోలేదా అత్తమ్మా?" అన్నాము.

మేనత్త చాలసేపు మాట్లాడలేదు. "అనుకునేటందుకు ఎవరన్న అడిగితే కద బిడ్డా. నన్ను ఎవరూ వద్దనలే. వెయ్యమని కూడ అనలే. నా చీర ఎక్కింది స్టేజీ, నేను ఎక్కలే" అన్నది.

తరువాత, అడగకుండానే, కూర్చున్నచోటనే తల కొంచెం ప్రక్కకు తిప్పి, సత్యభామ పద్యం ఒకటి ఎత్తుకున్నది. ఎనభై దాటిన గొంతు. శ్వాస చాలలేదు, నడుమ ఆగింది. కాని అరవై యేండ్లకు పైగా అయినా ఒక్క అక్షరం జారలేదు. మా ఇంటావిడ వంటింట్లోనుంచి గరిటె పట్టుకునే వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

మా మనవి

మన కుటుంబాలు ఈ గోదావరి ఒడ్డున స్థిరపడి తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కచేరీలో రెంటితోపాటు హిందీ, ఇంగ్లీషు. భాష నిలిచినదంటే మగవారి సంఘాల వలన, సభల వలన అని మనం ఏటా ఉపన్యాసాలలో చెప్పుకుంటాము. మేమూ ఆ చప్పట్లలో ఉన్నవాళ్లమే. కాని పద్యం, పాట, సామెత, పెండ్లిపాటలు, వీటిని కాపాడినవారు తెర వెనుక నుంచి అందించినవారు. వారి పేర్లు మేము వ్రాసిన ఏ జాబితాలోను లేవు. ఈ సంగతి హర్షితగారు చెప్పేవరకు మాకు తట్టకపోవడం మా లోపమే.

అందుచేత వచ్చే ఉగాదికి కార్యవర్గంవారి ముందు రెండు మనవులు పెడుతున్నాము. మొదటిది, సత్యభామ వేషం కట్టాలని మగపిల్లవాడు అడిగితే కట్టనిద్దాము. స్థానంవారికి, వేదాంతంవారికి దండం పెట్టే చేతులు అతనికి చప్పట్లు కొట్టడానికి సిగ్గుపడనక్కర లేదు. ఆడపిల్ల కృష్ణుడి వేషం అడిగినా అంతే. రెండవది, అరవై దాటిన మన తల్లులు, అత్తలు, వదినెలు నోటికి వచ్చిన పద్యమో, పాటో వేదిక మీద కూర్చుని వినిపించడానికి ఒక అరగంట కేటాయిద్దాము. వారు పేరు ఇవ్వరు. ఇంటికి పోయి అడగాలి. అడిగే పని మేము చేస్తాము.

ఆ కుర్రవాడి ఇంటికి మొన్న వెళ్లి వచ్చాము. గీత గీసిన చేయి మాదేనని చెప్పి, తప్పయిందన్నాము. వాడు తల వంచుకుని నవ్వి, "ఫర్వాలేదు అంకుల్" అన్నాడు. వాళ్ల అమ్మ చాయ ఇచ్చింది. లేచి వస్తుంటే వాడు వెనుకనే వచ్చి, మీ అత్తమ్మగారికి ఆ పద్యాలన్నీ వచ్చునట కదా, వచ్చి నేర్చుకోవచ్చునా అని అడిగాడు.

వచ్చే ఆదివారం రమ్మన్నాము. మేనత్తతో చెబితే, పెట్టెలోనుంచి ఆ పాత పట్టుచీర తీసి ఎండలో వేయమన్నది.